ఆంగ్ల గేయకవితలో లౌకికము – పారమార్థికము

ఒకే కవి యౌవనమున ప్రియురాలిని కీర్తించును. ప్రౌఢవయస్సున పరమేశ్వరుని ప్రార్థించును. రెండింటికిని అతనికి గల సాధనము భాష యొక్కటియే. అందలి ఉపమలు, సంబోధనలు, విరహపు నిట్టూర్పులు అతడు మొదట ప్రేమకొరకు నేర్చినవి. దైవసన్నిధికి వచ్చునపుడు వానిని వాకిటనే విడిచి రావలెనా? శుద్ధిచేసి తేవలెనా? ఉన్నవి ఉన్నట్లుగనే సమర్పింపవచ్చునా? పదునేడవ శతాబ్దమున ఇంగ్లండులో గేయకవిత వ్రాసినవారిలో పెక్కుమందికి ఇది అలంకారశాస్త్రమునకు మాత్రమే చెందిన ప్రశ్నగా తోచలేదు. వారది తమ ఆత్మపరీక్షగా భావించిరి. ఆ ప్రశ్నకు ఒక్కొక్కరు ఒక్కొక్క విధమున సమాధానము చెప్పుకొనిరి. ఆ సమాధానములను వరుసగా పరిశీలించుటయే ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

గేయకవిత యనగా ప్రాచీన గ్రీకులు ‘లైర్’ అను తంత్రీవాద్యముపై పాడుకొనిన చిన్నపాటలనుండి పుట్టిన ప్రక్రియ. కథాకావ్యమువలె అందు కథ నడవదు. నాటకమువలె పాత్రలు వచ్చిపోవు. ఒక హృదయము ఒక క్షణమున పలికిన పలుకే గేయము. ఆ పలుకు ఎవరినుద్దేశించినది? ప్రియురాలినా, దేవునా, లేక తన్ను తానేనా? ఈ భేదమును గుర్తించినచో ఆనాటి కవిత అందలి మర్మము సగము తెలిసినట్లే.

కాలస్థితి

1534లో ఎనిమిదవ హెన్రీరాజు రోమునందలి పోపు అధికారమును తిరస్కరించి ఇంగ్లండు చర్చికి తానే అధిపతి యయ్యెను. నాటినుండి కాథలిక్కులు, ఆంగ్లికనులు, ప్యూరిటనులు అను వర్గములమధ్య వివాదము తరతరములు సాగెను. 1603లో మొదటి జేమ్సు సింహాసనమెక్కెను. అతని ఆజ్ఞచే పండితులు అనువదించిన బైబిలు 1611లో వెలువడెను. 1642లో రాజునకును పార్లమెంటునకును అంతర్యుద్ధము ఆరంభమయ్యెను; 1649లో మొదటి చార్లెసు శిరశ్ఛేదమునకు గురియయ్యెను; 1660లో రాజరికము మరల నెలకొనెను. ఇట్టి కాలమున దేవుని ఏ మాటలతో ప్రార్థింపవలెను, ఏ అలంకారములతో పూజింపవలెను అనునవి రక్తపాతమునకు సైతము దారితీసిన ప్రశ్నలు. కవి వాడు ప్రతి అలంకారమునకును ఆ వేడి కొంత తగిలినది.

మరియొకవైపు ప్రేమగీతము అప్పటికే నిండు సంపద పొందియుండెను. ఇటలీకవి పెట్రార్కునుండి వచ్చిన సానెట్టు, అనగా పదునాలుగు పాదముల పద్యము, ఆంగ్లేయులకు అలవాటయ్యెను. సర్ ఫిలిప్ సిడ్నీ మరణానంతరము 1591లో ప్రకటితమైన సానెట్ల మాల అనేకులకు ఒరవడి యయ్యెను. పవిత్రగ్రంథములోని కొన్ని భాగములును ఈ కవులకు అండగా నిలిచినవి. బైబిలులోని ‘పరమగీతము’ వధూవరుల అనురాగగీతము. దానిని క్రీస్తునకును ఆయన సంఘమునకును, లేదా క్రీస్తునకును భక్తుని ఆత్మకును గల సంబంధముగా వ్యాఖ్యాతలు శతాబ్దములనుండి వివరించిరి. కావున శృంగారభాష దైవపరముగా అన్వయింపబడుట క్రైస్తవులకు క్రొత్త కాదు.

రాబర్టు సౌత్‌వెల్ అను జెసూటు మతాచార్యుడు 1595లో మరణశిక్ష పొందెను. కవులు తమ ప్రతిభను వ్యర్థప్రేమకు ధారపోయుచున్నారని అతడు ఆక్షేపించి, నాడు వ్యాప్తిలోనున్న ఒక ప్రేమపద్యమును తీసికొని దానినే పాపి పశ్చాత్తాపముగా మార్చి వ్రాసి చూపెను. లౌకికగీతమును పవిత్రార్థమునకు మరల్చు ఈ పద్ధతి తరువాతి శతాబ్దమునకు బాట వేసినది.

జాన్ డన్ – మాట మార్చని కవి

జాన్ డన్ 1572లో లండనులో కాథలిక్కు కుటుంబమున జన్మించెను. మతాచార్యునొకనికి ఆశ్రయమిచ్చినందులకు అతని తమ్ముడు చెరసాలపాలై 1593లో అచ్చటనే మరణించెను. డన్ క్రమముగా ఆంగ్లికను సంప్రదాయమునకు మారి, సర్ థామస్ ఎగర్టన్ అను ఉన్నతాధికారికి కార్యదర్శి యయ్యెను. ఎగర్టన్ భార్యకు మేనకోడలైన ఆన్ మోర్‌ను 1601లో రహస్యముగా వివాహమాడినందున కొలువు కోల్పోయి, కొంతకాలము కారాగారవాసము చేసి, పెక్కేండ్లు పేదరికమున గడపెను. 1615లో చర్చి దీక్ష పొందెను. 1617లో పండ్రెండవ కాన్పు తరువాత ఆన్ కన్నుమూసెను. 1621లో డన్ లండనునందలి సెయింట్ పాల్ ప్రధానాలయమునకు డీన్, అనగా ముఖ్యాచార్యుడు, అయ్యెను. 1631లో మరణించెను. అతని కవితలు 1633లో గ్రంథరూపమున వెలువడినవి.

దీక్షకు ముందు తాను వ్రాసిన ఒక గద్యగ్రంథమును 1619లో మిత్రునకు పంపుచు, అది జాక్ డన్ కృతియే కాని డాక్టరు డన్ కృతి కాదని అతడు లేఖలో తెలిపెను. జాక్ యన్నది యౌవనమునాటి ముద్దుపేరు. ఇందువలన కొందరు అతని జీవితమును రెండు ముక్కలుగా చేసి, ప్రేమికుడు వేరు, భక్తుడు వేరు అని తలంచిరి. కవితలను చదివినచో ఆ గోడ నిలువదు.

అతని ప్రేమగీతములలో మతభాష నిండియున్నది. ‘కానొనైజేషన్’ అనగా ఒకరిని పునీతులుగా ప్రకటించు చర్చి క్రియ. ఆ పేరు గల గీతమున లోకమును త్యజించి ఒకరికొరకు ఒకరు జీవించు దంపతులు ప్రేమమతమునకు పునీతులగుదురని, రాబోవు ప్రేమికులు వారిని వేడుకొందురని కవి వాదించెను. అట్లే ‘పవిత్ర సానెట్లు’ అను అతని భక్తికవితలలో శృంగారభాష నిండియున్నది. సుప్రసిద్ధమైన ఒక సానెట్టున భక్తుడు తన్ను శత్రువశమైన పట్టణముతో పోల్చుకొని, దేవుడు సేనానివలె వచ్చి ముట్టడింపవలెనని కోరును. పద్యాంతమున ఆ రూపకము దాంపత్యమునకు మారును. శత్రువుతో నిశ్చయమైన పెండ్లి తప్పించి తన్ను బలిమితో గ్రహింపుమని ఆత్మ మొరపెట్టుకొనును. బంధమువలన స్వేచ్ఛను ఆశించు ఈ విరోధాభాసము చదువరిని ఉలికిపడజేయును. అట్లు ఉలికిపడజేయుటయే కవి తలంపు. సౌమ్యమైన మాటలకు కరగని హృదయమునకు సౌమ్యోపమలు చాలవని అతని నమ్మకము.

భార్య గతించిన పిమ్మట వ్రాసిన సానెట్టున ఈ రెండు ధారలు కలిసినవి. ఆమెపై గల ప్రేమయే తన మనస్సును దైవాన్వేషణకు మరల్చినదని అతడు ఒప్పుకొనును. అయినను దైవప్రేమకై తన దప్పి ఇంకను తీరలేదనును. దేవుడు సైతము అసూయాపరుడైన ప్రియునివలె తన్ను లోకమునకు విడువజాలకున్నాడని భావించును. ఇట లౌకికప్రేమ పాపముగా నిందింపబడలేదు. అది తొలిమెట్టుగా గౌరవింపబడినది.

1623లో తీవ్రరోగమున పడినపుడు డన్ వ్రాసినట్లుగా చెప్పబడు కీర్తనలో తన పేరుతోనే శ్లేష కూర్చెను. ఆంగ్లమున ‘ముగిసినది’ అను అర్థము గల పదమును, అతని ఇంటిపేరును ఒకే విధముగా ఉచ్చరింతురు. అట్లే ‘సూర్యుడు’, ‘కుమారుడు’ అను పదములకు ఉచ్చారణ ఒక్కటియే గనుక, ప్రకాశించు సూర్యుడే దైవకుమారుడుగా స్ఫురించును. ప్రేమపద్యములలో మెరిసిన చమత్కారమే ఇట మరణభయమునకు ఎదురు నిలిచినది. డన్ తన మాటలను మార్చుకొనలేదు. ఆ మాటలు వినువారు మాత్రమే మారిరి.

జార్జి హెర్బర్టు – అలంకారమును అనుమానించిన కవి

జార్జి హెర్బర్టు 1593లో వేల్సు ప్రాంతమున కులీనవంశమున పుట్టెను. తల్లి మాగ్డలిన్ హెర్బర్టు డన్‌కు ఆప్తమిత్రురాలు. 1610 నూతనసంవత్సరమున, పదునేడేండ్లు నిండకమునుపే, హెర్బర్టు తల్లికి రెండు సానెట్లు కానుకగా పంపెను. పద్యములన్నియు వీనస్ అను కామదేవతకే ఎందులకు చెందవలెను, దేవునికొరకు సానెట్లు ఏల వ్రాయరాదు అని అందు ప్రశ్నించెను. జీవితాంతము ఆ ప్రశ్నకు తానే సమాధానమయ్యెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు 1620లో అధికారవక్తగా నియుక్తుడై రాజసభలో ఉన్నతపదవి పొందగల స్థితిలో నుండియు, 1630లో సాలిస్‌బరీ సమీపమునందలి బెమర్టన్ అను చిన్నగ్రామమున ఆచార్యుడుగా కుదురుకొనెను. మూడేండ్లకే, 1633లో, నలువదేండ్లు నిండకయే మరణించెను. మరణశయ్యనుండి తన వ్రాతప్రతిని మిత్రుడైన నికొలస్ ఫెరర్‌కు పంపి, దుఃఖితులకు ఉపకరించునని తోచినచో ప్రకటింపుమని, లేనిచో తగులబెట్టుమని కోరెనని అతని జీవితచరిత్రకారుడు ఐజాక్ వాల్టన్ వ్రాసెను. ఆ ప్రతియే ‘ది టెంపుల్’, అనగా దేవాలయము, అను పేర ఆ సంవత్సరముననే అచ్చయ్యెను.

హెర్బర్టు కవితలలో దైనందిన లోకము నిండుగా నున్నది. భూస్వామిని కౌలు మార్చుమని అడుగబోయిన రైతు, గది ఊడ్చు పనిమనిషి, అతిథికి భోజనము పెట్టు గృహస్థుడు, ఇట్టివారి ద్వారమున అతడు విమోచనము, సేవ, కృప అను తత్త్వములను చెప్పును. లౌకికవస్తువును ఉపమానముగా గ్రహించుటకు అతనికి సంకోచము లేదు. సంకోచమంతయు శైలినిగూర్చియే. ‘జోర్డాన్’ అను పేర అతడు రెండు కవితలు వ్రాసెను. జోర్డాన్ యేసు స్నానదీక్ష పొందిన నది. గ్రీకుకవుల సరస్వతీనిర్ఝరికి బదులుగా భక్తకవి ఆశ్రయింపవలసిన జలము ఇదియే యని ఆ పేరు సూచించునని వ్యాఖ్యాతలు చెప్పుదురు. మొదటి కవితలో, కల్పితకథలు, గొల్లపడుచుల వర్ణనలు లేనిదే పద్యము కాదా యని అడుగును. రెండవది మరింత లోతైనది. దైవమును గూర్చి వ్రాయబూనినపుడు తాను సొగసైన మాటలకై వెదకితినని, ఆ వెదకులాటలో తన అహంకారమే నేతలో పోగువలె కలిసిపోయినదని అందు అతడు గ్రహించును. చివర ఒక మిత్రుని మెల్లని మాట వినవచ్చును. ప్రేమయందే మాధుర్యము సిద్ధముగా వ్రాయబడియున్నదట; దానిని చూచి వ్రాసికొన్న చాలునట.

ఇందొక విశేషము కలదు. ఈ ముగింపునకు మూలము సిడ్నీ ప్రేమసానెట్ల మాలలోని మొదటి పద్యమే. అచట ప్రియురాలిని మెప్పింప మాటలకై తడుముకొను ప్రేమికునకు కవితాదేవి అట్టి ఉపదేశమే చేయును. అలంకారమును వదలుకొను మార్గమును సైతము హెర్బర్టు ప్రేమకవితనుండియే నేర్చెను! పుస్తకమునందలి ప్రధానభాగము ‘ప్రేమ’ అను కవితతో ముగియును. సిగ్గుతో వెనుదీయు అతిథిని ప్రేమరూపుడైన ప్రభువు చేయిపట్టి భోజనమునకు కూర్చుండబెట్టును. మన్మథునకు వాడుకైన పేరు ఇట దేవునిదైనది. ఈ పుస్తకము రాజపక్షమువారికిని, ప్యూరిటనులకును సమానముగా ప్రీతిపాత్రమయ్యెను.

హెరిక్, క్రాషా – రెంటిని ఒక్కచోట చేర్చినవారు

రాబర్టు హెరిక్ 1591లో లండనులో స్వర్ణకారుల కుటుంబమున పుట్టి, తానును కొన్నాళ్లు ఆ వృత్తి నేర్చెను. పిదప చర్చి దీక్ష పొంది డెవన్ ప్రాంతమున డీన్ ప్రయర్ అను పల్లెకు ఆచార్యుడుగా వెళ్లెను. రాజపక్షమును వీడనందున 1647లో పదవినుండి తొలగింపబడి, 1660 తరువాత మరల పొంది, 1674లో మరణించెను. 1648లో ప్రకటితమైన ‘హెస్పరిడీస్’ అను గ్రంథమున వేయికిపైగా లౌకికకవితలు, వాని వెంట ‘నోబుల్ నంబర్స్’ అను పేర భక్తికవితలు ఒకే సంపుటమున ఉన్నవి. ఒకచోట జూలియా పట్టుబట్టలు, మరియొకచోట తన చిన్నయింటికి, పొయ్యిలోని నిప్పునకు, గ్రుడ్లుపెట్టు కోడికి దేవునకు కృతజ్ఞత. తన యౌవనకవితలను క్షమింపుమని దేవుని వేడుకొను పద్యమును చేర్చెనే కాని, ఆ కవితలను మాత్రము పుస్తకమునుండి తీసివేయలేదు.

హెరిక్ లౌకికకవిత వట్టి విలాసమని భావింపరాదు. మే నెల మొదటిదినమున పల్లెప్రజలు పూలకొమ్మలు తెచ్చి ఇండ్లలంకరించుట ఆ దేశపు ఆచారము. పార్లమెంటు 1644లో మేస్తంభములను పడగొట్ట నాజ్ఞాపించెను. ఆ పండుగకు కొరిన్నా అను కన్నెను మేల్కొలుపు గీతమున హెరిక్, ఆనాడు ఇంట నుండుటయే పాపమన్నట్లు మాటలాడును. పక్షులు ప్రాతఃప్రార్థన ముగించినవనును. చర్చిపదములు పూలపండుగకు అన్వయించినవి. నిషిద్ధమైన ఉత్సవమును కవి పూజగా నిలిపెను. పద్యాంతమున యౌవనము మంచువలె కరగునన్న దిగులు వినిపించును.

రిచర్డు క్రాషా తండ్రి కాథలిక్కు మతమును తీవ్రముగా ఖండించిన ప్యూరిటను ఆచార్యుడు. కుమారుడు కాథలిక్కుగా మారి, 1649లో ఇటలీలోని లొరెటో క్షేత్రమున మరణించెను. 1646లో వెలువడిన అతని సంపుటమున ‘దేవాలయ సోపానములు’ అను అర్థము గల భక్తిభాగమును, కళాదేవతల విలాసములను లౌకికభాగమును ఉన్నవి. స్పెయినుదేశపు పునీత తెరేసాపై వ్రాసిన కీర్తనలలో అతడు బాణములు, జ్వాలలు, తీయని గాయములు మొదలగు మన్మథపరికరములనన్నిటిని దైవానుభవమునకు వినియోగించెను. హెర్బర్టు భయపడిన అలంకారసమృద్ధి క్రాషాకు నైవేద్యముగా తోచినది.

వాన్, మార్వెల్ – విడిచినవాడు, పరీక్షించినవాడు

వేల్సుదేశీయుడైన హెన్రీ వాన్ 1621లో జన్మించి, వైద్యవృత్తిచే జీవించి, 1695లో మరణించెను. 1646లో ప్రేమకవితలు ప్రకటించెను. 1648లో తమ్ముడు మరణించెను, రాజపక్షము ఓడిపోయెను, అతనికి ప్రియమైన చర్చి మూలబడెను. 1650లో వచ్చిన ‘సైలెక్స్ సింటిలాన్స్’, అనగా నిప్పురవ్వలు చిమ్ము చెకుముకిరాయి, అతని మారిన హృదయమునకు చిహ్నము. 1655 నాటి ముద్రణకు వ్రాసిన పీఠికలో అతడు వ్యర్థశృంగారకవితను గట్టిగా నిందించి, తానును ఆ వ్యాధికి లోనైతినని పశ్చాత్తాపపడి, తన మార్పునకు హెర్బర్టు జీవితమును కవితయుఁ కారణములని వినయముతో చెప్పెను. ఈ కవులలో లౌకికకవితను స్పష్టముగా త్యజించినవాడు ఇతడే. అయినను జలపాతము, పక్షి, రాయి, చెట్టు అతనిని విడువలేదు. సృష్టియే అతనికి రెండవ పవిత్రగ్రంథ మయ్యెను.

ఆండ్రూ మార్వెల్ సైతము 1621లోనే జన్మించెను. 1659నుండి హల్ పట్టణమునకు పార్లమెంటు సభ్యుడుగా నుండి 1678లో మరణించెను. గేయములు 1681లో అచ్చయినవి. ఒక గీతమున అతడు సంకోచించు ప్రియురాలితో మాటలాడుచు, బైబిలులోని జలప్రళయమునకు పూర్వమునుండి యుగాంతమువరకు కాలము లభించినచో ఓపికతో నిరీక్షింతునని, అంత కాలము లేదు గనుక త్వరపడుమని వాదించును. పవిత్రచరిత్రయే ప్రణయమునకు కొలబద్ద యైనది.

‘పూలకిరీటము’ అను మరియొక కవితలో దీనికి మారుగా జరుగును. క్రీస్తు శిరస్సుపై ముండ్లకిరీటము పెట్టినవారిలో తానును ఒకడనని భావించిన గొల్లకవి, పరిహారముగా పూలకిరీటము అల్లబూనును. పూర్వము తన ప్రియురాలి తలపై నుంచిన పూలనే విప్పి తెచ్చును. అల్లుట ముగియుచుండగా పూలమధ్య పాము చుట్టుకొనియుండుట చూచును. అది కీర్తికాంక్ష, స్వప్రయోజనము. అప్పుడతడు పామును విడదీయుమని, అది సాధ్యము కానిచో కిరీటమునే నలుగద్రొక్కుమని ప్రభువును వేడుకొనును. తలపై నిలువలేని పూలు ప్రభువు పాదములక్రింద నలిగియైనను ఆయనకు చెందునని అతని ఆశ.

ఈ చిన్నకవితలో శతాబ్దపు ప్రశ్నయంతయు ఇమిడియున్నది. పూలు ప్రియురాలివగుట దోషమని మార్వెల్ చెప్పలేదు. పాము పూలలో పుట్టినది కాదు. అల్లువాని కోరికలో పుట్టినది. హెర్బర్టు తన నేతలో కనుగొన్న పోగును ఇదియే.

ఉపసంహారము

1779–81 సంవత్సరములలో ప్రకటించిన కవిజీవితములలో డాక్టరు జాన్సన్ ఈ కాలపు కవులకు ‘మెటాఫిజికల్’ అను పేరు వ్యాప్తి చేసి, వారి దూరాన్వయపు ఉపమలను ఆక్షేపించెను. భక్తునకును దేవునకును మధ్య జరుగు సంభాషణ కవిత్వమునకు వస్తువు కాజాలదనియు అతడు మరియొకచోట అభిప్రాయపడెను. ప్రార్థించువాడు కవిత చెప్పగల స్థితికంటె ఉన్నతస్థితిలో నుండునని అతని వాదము. తేలికగా త్రోసివేయదగిన వాదము కాదిది. హెర్బర్టు, మార్వెల్ కూడ దానిని ముందే ఊహించి భయపడిరి. అయినను వారు మౌనము వహింపక, ఆ భయమునే కవితగా వ్రాసిరి. 1921లో హెర్బర్టు గ్రియర్సన్ సంకలనమును, దానిపై టి. ఎస్. ఎలియట్ వ్యాసమును వెలువడిన పిమ్మట ఈ కవులకు మరల ఆదరము పెరిగినది.

డన్ ఒకే భాషను ఇరువురికి సమర్పించెను. హెర్బర్టు దానిని వడబోసెను. హెరిక్ రెంటిని పక్కపక్కన నుంచెను. క్రాషా ఒకదానిని మరియొకదానిలో కరగించెను. వాన్ ఒకదానిని విడిచెను. మార్వెల్ తన చేతిని తానే తనిఖీ చేసికొనెను. వీరి కవితలను చదువువారు, ఇది ప్రేమకవితయా, భక్తికవితయా యని వర్గీకరించుటతో ఆగిపోరాదు. ఈ మాట ఎవరి చెవికొరకు పలుకబడినది, పలికినవాడు అందు తనకొరకు ఏమి దాచుకొనెను అని కూడ విచారింపవలెను. దేవుని పేరు తలపెట్టినంతమాత్రమున పద్యము పరిశుద్ధము కాదు. భార్యపై ప్రేమను నిజముగా చెప్పిన పద్యము దేవునకు దూరమును కాదు. ఆ కవులు తమ్ము తాము పరీక్షించుకొనిన తీరు తెలిసిన పాఠకునకు, తన నోట వచ్చు స్తోత్రమును సైతము ఒకమారు తరచి చూచుకొను అలవాటు కలుగును.